ముప్ఫై అంగుళాల బీరువా, ఇరవై తొమ్మిది అంగుళాల గుమ్మం

గుమ్మాల వెడల్పును, ఆ గుమ్మాల గుండా పోవలసిన సామాను వెడల్పును, ఈ రెండింటి నడుమ నలిగిన వేళ్ళను, పక్కటెముకలను, భుజాలను విచారించుటకు ఎక్కడైనా ఒక అధికార వర్గం ఉన్నట్లయితే, ఆ వర్గం వారి దివ్య సముఖమునకు:

అయ్యలారా, అమ్మలారా,

నేను తూనికలు, కొలతల శాఖలో తనిఖీ ఉద్యోగిని. అంగళ్ళలోని తూకపు రాళ్ళను, గుడ్డల కొట్లలోని గజంబద్దలను పరీక్షించి, తక్కువ వచ్చిన వాటిని జప్తు చేయడం నా వృత్తి. పదిహేనేళ్ళ సర్వీసులో నేను గ్రహించింది ఒక్కటే. తప్పుడు బద్ద తనంతట తాను ఎవరినీ మోసం చేయదు. దాన్ని పట్టుకున్న చేతికి భయపడి చుట్టూ ఉన్నవారు దానితో ఏకీభవిస్తారు. కొన్నాళ్ళకు అదే సరైన కొలత అవుతుంది.

ఇందువెంట జతపరచినవి మా అక్కకూ నాకూ మధ్య నడిచిన అయిదు ఉత్తరాలు. మా అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మా బావ బస్సు కండక్టరు. మా నాన్న వడ్రంగి. వీధి వీధంతా ఆయనను మేస్త్రీగారు అంటుంది, ఆయనకు వినబడేంత దూరంలో ఉన్నప్పుడు. ఉత్తరాలలో ఒక్క అక్షరమూ మార్చలేదు. దెబ్బలు తగిలిన వరుసలోనే వాటిని పేర్చాను. చివర ఒక కోరిక దాఖలు చేయబోతున్నాను. దాని వెడల్పు మూడంగుళాలు.

*

పాత ఇల్లు, కుట్టు మిషను పక్కన.
గడువుకు తొంభై రోజులు.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఆఫీసు చిరునామాకే రాస్తున్నాను. ఇంటికి రాసినవాటికి నీ దగ్గర్నుంచి జవాబు రాదు. ఆఫీసుకు వచ్చిన కాగితానికి జవాబివ్వకపోతే నీకు అన్నం సయించదని మీ బావ అంటాడు.

మనం అద్దెకుంటున్న ఈ ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాడు పడగొట్టి మూడంతస్తులు లేపుతాడట. మూడు నెలలు గడువిచ్చాడు. ఆ రోజు దాటితే లోపల ఏముందో, ఎవరున్నారో చూడకుండా కూల్చేస్తామని రాసిన కాగితం మీద మా ముగ్గురి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. వెనక వీధిలో రెండు గదుల ఇల్లు చూసుకున్నాం. నాన్న ఒకే ఒక్క షరతు పెట్టాడు. "బీరువా ముందు నడవాలి. దాని వెనక నేను నడుస్తా. అది ఇక్కడే ఉంటే నేనూ ఇక్కడే. నా నెత్తినే కూల్చుకోమను."

ఆ బీరువా నీకు గుర్తుండే ఉంటుంది. అమ్మ కోసం మొదలుపెట్టి, అమ్మ పోయిన నెలకి పూర్తి చేశాడు. ఏడడుగుల ఎత్తు, అయిదడుగుల వెడల్పు, ముప్ఫై అంగుళాల లోతు. ఒక్క మేకు లేదు, అంతా కొయ్య చీలలూ జిగురూ. విప్పాలంటే నరకడమే. అది చేసినప్పుడు మన హాలు ఒకటే గది. ఏడాది తరవాత దాని ముందు అడ్డగోడ లేపించి, ద్వారబంధం తనే చేసి పెట్టాడు. ఇప్పుడు ఆ గదిలోంచి బయటికి అదొక్కటే దారి, వీధి గుమ్మం వెడల్పైనదే. కిటికీకి ఇనప కడ్డీలు.

మొన్న నలుగురు హమాలీల్ని పిలిచాం. వాళ్ళలో పెద్దవాడికి గుబురు మీసాలు. అతను గుమ్మాన్ని చూశాడు, బీరువాని చూశాడు, మళ్ళీ గుమ్మాన్ని చూశాడు.

"మేస్త్రీగారూ, ఇది పట్టదండీ."

"కొలిచావా?"

"కొలవడమెందుకండీ, కంటికి కనబడుతోంది కదా."

"నీ కన్ను ఏ బళ్ళో చదివిందిరా? గుమ్మం ముప్ఫై రెండు. బీరువా ముప్ఫై. ఆ మిగిలిన రెండంగుళాల్లో మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళొచ్చు."

బీరువాని ఏటవాలుగా పట్టుకుని గుమ్మంలోకి తోశారు. పొట్టి హమాలీ ముందువైపు ఉన్నాడు. అతని ఎడంచెయ్యి బీరువాకీ ద్వారబంధానికీ మధ్య ఉండిపోయింది. అతను "ఆగండి" అన్నాడు. నాన్న వెనకనుంచి "తొయ్యండి" అన్నాడు. కూలి ఇచ్చేవాడి మాట కదా, తోశారు. రెండు వేళ్ళు పోయాయి. నేను పళ్ళతో దారం కొరికితే ఎలాంటి చప్పుడు వస్తుందో, అంతే వచ్చింది. అంత చిన్న చప్పుడు.

నాన్న అతని చెయ్యి చూడలేదు. ద్వారబంధం చూశాడు. "ఆ రక్తం తుడవండి, పాలిష్‌కి పట్టేస్తుంది" అన్నాడు. మీసాల హమాలీ "నువ్వసలు మనిషివేనా?" అన్నాడు. నాన్న చేతిలో ఆ గజంబద్ద ఎప్పుడూ ఉంటుందిగా. అతని కనుబొమ్మ ఈ చివర్నుంచి ఆ చివరికి చిట్లింది. డెబ్బై ఒక్కేళ్ళ వాణ్ణి తిరిగి కొట్టడానికి చెయ్యి రాక, అతను వీధి తలుపుని తన్ని వెళ్ళిపోయాడు. తలుపుకి కన్నం పడింది. మనకి ప్రహరీ కూడా లేదు కదా, ఆ కన్నంలోంచి వీధి మొత్తం మా ఇంట్లోకి చూస్తోంది.

నువ్వు కొలతలవాడివి. ముప్ఫై పోయి ముప్ఫై రెండులో ఎందుకు పట్టదో కాస్త చెప్పు. వీలైతే వచ్చి చెప్పు. నాన్న నిన్ను అడగలేదు. అడగలేదని రాయమని కూడా అనలేదు.

అక్క

*

తూకపు రాళ్ళ గది, రెండో అంతస్తు.
గడువుకు ఎనభై రెండు రోజులు.

గౌరవనీయురాలైన అక్కగారి సముఖమునకు,

విషయం: టేకు బీరువా ఒకటి, గుమ్మం ఒకటి, వీని మధ్య తలెత్తిన వివాదం.

తమరి లేఖ అందినది. క్షతగాత్రుడైన హమాలీ పట్ల ఈ కార్యాలయం సానుభూతి వ్యక్తం చేయుచున్నది. వేళ్ళను తిరిగి ఇప్పించు అధికారం మాకు లేదు.

ముప్ఫై అంగుళాల వస్తువు ముప్ఫై రెండు అంగుళాల సందులో పట్టనప్పుడు మూడు అవకాశాలు ఉంటాయి. వస్తువు పెరిగి ఉండాలి. లేదా సందు తగ్గి ఉండాలి. లేదా ఎవరో అబద్ధం చెబుతూ ఉండాలి. టేకు వానకాలంలో కొంత ఉబ్బుతుంది. అయితే కారణం లేకుండా రెండంగుళాలు ఉబ్బడం మనుషులకే సాధ్యం. గుమ్మం తనంతట తాను తగ్గిన దాఖలా మా రికార్డులలో లేదు. ఇక మిగిలిన మూడో అవకాశాన్ని పరిశీలించుటకు తమరు చేయవలసింది ఒక్కటే. తమరి కుట్టుపని టేపు తీసుకుని గుమ్మాన్ని, బీరువాను కొలవండి. నాన్నగారి గజంబద్దను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. దానిపై ప్రభుత్వ ముద్ర లేదు. అది వేసిన ముద్రలు మాత్రం వీధిలో పలువురి ఒంటిమీద కలవు.

నేను స్వయముగా వచ్చుట గురించి: వార్షిక తనిఖీలు జరుగుచున్నవి. పోయిన ఏడాది కూడా జరిగినవి. వచ్చే ఏడాది కూడా జరుగును.

పైగా నా కుడిచేయి సామాను మోయుటకు పనికిరాదని తమరికి తెలియనిది కాదు. అది భుజం ఎత్తుకు మించి లేవదు. ఉద్యోగంలో చేరిన రోజున కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేయమన్నారు. లేచినంత మేరకు ఎత్తాను. కనుక నా నిజాయితీ భుజం వరకే వర్తిస్తుందని మా పై అధికారి నేటికీ చమత్కరిస్తూ ఉంటారు. వైద్యుని ధ్రువపత్రంలో కారణం "బాల్యమున గోడ మీద నుండి పడుట" అని ఉన్నది. ఆ వాక్యం వైద్యునికి ఎవరు చెప్పారన్నది ప్రస్తుత వివాదానికి సంబంధం లేని విషయం కాబట్టి ప్రస్తావించడం లేదు.

ఇట్లు,
తమరి విధేయుడైన తమ్ముడు

*

పాత ఇల్లు, వంటగది. ముందుగదిలో మీ బావ పడుకుని ఉన్నాడు.
గడువుకు అరవై ఒక్క రోజులు.

తమ్ముడికి,

"తమరు" అని ఇంకొక్కసారి రాశావంటే నీ ఉత్తరం చింపి గుండీల పొట్లం కడతాను.

కొలిచాను. నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుండగా కొలిచాను. బీరువా లోతు ముప్ఫై అంగుళాలు, చక్కగా ఉంది. గుమ్మం ఇరవై తొమ్మిది. పైన, కింద, మధ్యలో మూడుచోట్లా ఇరవై తొమ్మిదే. తప్పే అయినా ఎంత నిటారుగా పెట్టాడో చూడు.

మీ బావకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకి నాన్న లేచాడు. నా చేతిలో టేపు చూశాడు.

"ఏం కొలిచావు?"

"గుమ్మం ఇరవై తొమ్మిదే వస్తోంది నాన్నా."

"అది గుడ్డ టేపు. జాకెట్లు కొలిచి కొలిచి సాగిపోయింది."

"సాగితే ఎక్కువ దూరానికి తక్కువ అంకె వస్తుంది సరే. మరి బీరువా ముప్ఫై సరిగ్గా ఎలా వచ్చింది?"

నాన్న టేపు లాక్కుని బాడిసతో ముక్కలు చేశాడు. నేల మీద పెట్టి, అంగుళానికొక దెబ్బ. ఆ ముక్కలు మాత్రం ఒక్కోటీ సరిగ్గా అంగుళమే ఉన్నాయి. పనితనం ఎక్కడికి పోతుంది?

మర్నాడు బీరువాకి సబ్బు పూయించాడు. హమాలీలు ఈ వీధి పేరెత్తితేనే రావడం లేదు కనక, మీ బావనీ, ఎదురింటి ఇద్దర్నీ నిలబెట్టాడు. బీరువా నడుముకి తాడు కట్టి ఇటునుంచి ఇద్దరు లాగాలి, అటునుంచి మీ బావ ఎత్తి తొయ్యాలి. ద్వారబంధం ఒక పక్క కోసేద్దాం మామయ్యా అని మీ బావ అన్నాడు. "నా ద్వారబంధం మీద రంపం పెట్టినవాడి మెడ మీద అదే రంపం పెడతా" అన్నాడు నాన్న. ఇంటల్లుడితో అనాల్సిన మాటేనా అది? మీ బావ మెత్తనివాడు. ఇరవై ఏళ్ళుగా బస్సులో జనం కాళ్ళు తొక్కించుకుంటున్నవాడు. తోశాడు.

తాడు తెగింది. సబ్బు పూసిన బీరువా నిలబడుతుందా? వెనక్కి వచ్చి మీ బావని గోడకి అదిమేసింది. నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది, కేక రాలేదు. మేం నలుగురం కలిసి బీరువాని ఎత్తేలోపల ఆయన మొహం నేరేడుపండు రంగుకి తిరిగింది. మూడు పక్కటెముకలు. డాక్టరు ఊపిరి పీల్చమంటే పీలుస్తాడు, వదలమంటే ఏడుస్తాడు.

నాన్న బీరువా చుట్టూ తిరిగి చూసి "గీత కూడా పడలేదు" అన్నాడు.

పడలేదు, నిజమే. కానీ బీరువా తిరగబడటంతో ఇన్నేళ్ళూ గోడవైపు ఉన్న వెనక చెక్క వెలుగులోకి వచ్చింది. దాని మీద ఒక చెయ్యి ఉంది తమ్ముడూ. పాలిష్‌లో దిగబడిన చిన్న అరచెయ్యి, అయిదు వేళ్ళూ విడివిడిగా. బొటనవేలి గీతలు కూడా కనబడుతున్నాయి. ఎవరిదో అనుకున్నాను.

అబద్ధం. ఎవరిదో చూసిన క్షణమే తెలుసు.

నాన్న కూడా చూశాడు. "దాన్ని గోడవైపు తిప్పండి" అన్నాడు. ఎదురింటి ఇద్దరూ అప్పటికే జారుకున్నారు, తిప్పడానికి నిలబడగలిగిన మగవాడు ఇంట్లో ఆయన ఒక్కడే మిగిలాడు.

ఆ చెయ్యి సంగతి తరవాత రాస్తాను. ఇప్పుడు మీ బావకి మందు వెయ్యాలి.

అక్క

*

తూకపు రాళ్ళ గది.
గడువుకు యాభై రోజులు.

అక్కా,

విషయం: అని రాసి, పది నిమిషాలు కూర్చున్నాను. విషయం ఏమిటో రాయడానికి నాకు శాఖాపరమైన మాట దొరకలేదు. బావ ఎలా ఉన్నాడు?

నాన్న బద్దను ఒకసారి దగ్గరగా చూడు. దాని మీద అంకెలు చెక్కి ఉంటాయి. చివర ముప్ఫై ఆరు ఉంటుంది. మొదట్లో ఒకటి ఉండదు. నాలుగుతో మొదలవుతుంది. నాలుగుతో మొదలయ్యే బద్దను ఆయన ఇరవై ఏడేళ్ళుగా ఊరందరి ముందూ పట్టుకుని తిరుగుతున్నాడు. మూడు ఎక్కడికి పోయాయని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. దేశంలోని బద్దలన్నిటినీ అడిగాను, ఆ ఒక్కదాన్ని తప్ప.

విరిగిన చివరను చిత్రిక పట్టి నున్నగా చేసి, ఏమీ జరగనట్టు దాంతోనే కొలుస్తున్నాడు. ముప్ఫై రెండు అన్న చోట గీత గీస్తే వచ్చేది ఇరవై తొమ్మిది. బీరువా, బద్ద విరగక ముందు చేసింది. గుమ్మం విరిగాక పెట్టింది. ఆ గుమ్మం ఒక్కటే కాదు. ఆరడుగుల మంచానికి బద్ద రెండుసార్లు వెయ్యాలి, రెండుసార్లకీ కలిపి ఆరంగుళాలు మాయం. మన వీధి వీధంతా మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటోంది. పొడుగు పోస్టుమాన్ మంచం మీద ఐమూలగా పడుకునేవాడు, వాళ్ళావిడ చాప మీద. కిరాణా కొట్టాయన ఒక్కడే "మంచం పొట్టిగా ఉంది మేస్త్రీగారూ" అన్నాడు. ముందు పళ్ళు రెండు పోయాయి. ఆ తరవాత వీధిలో అందరికీ మంచాలు సరిపోయాయి.

బద్ద ఎలా విరిగిందో నీకు తెలుసు. అయినా ఫైల్లో ఉండటానికి రాస్తున్నాను.

సాక్షి వయసు పదకొండు. అమ్మ పోయి నెల. బీరువాకి చివరి పాలిష్ వేసిన రోజు. ఆరిందో లేదో చూద్దామని కుడి అరచెయ్యి ఆనించాను. ఆరలేదు. మొదటి దెబ్బకి నాన్న "ఎవడు ముట్టుకోమన్నాడ్రా" అన్నాడు. రెండో దెబ్బకి "అది మీ అమ్మది" అన్నాడు. మూడో దెబ్బకి ఏమీ అనలేదు. ఆ తరవాత ఎన్నో లెక్క తెలియదు. చివరిది బద్ద మొదలు వైపు నుంచి వచ్చింది. భుజం ముందు విరిగిందా, బద్ద ముందు విరిగిందా అన్నది నేటికీ తేలలేదు, రెండూ ఒకే చప్పుడు చేశాయి. ముక్క మంచం కిందికి దొర్లింది. ఎడంచేత్తో తీసి నిక్కరు జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలియదు. సాక్ష్యాధారాలు భద్రపరచాలన్న నియమం నేను తరవాతెప్పుడో చదువుకున్నాను.

ఆ ముక్కను ఈ ఉత్తరంతో పాటు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. దాని మీద ఒకటి, రెండు, మూడు ఉన్నాయి.

ఒక్క ప్రశ్న. నీకప్పుడు పదహారేళ్ళు. నన్ను రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది నువ్వే. డాక్టరు ఎలా జరిగిందమ్మా అని అడిగితే, నేను నోరు తెరిచేలోపల "గోడ మీంచి పడ్డాడండీ" అన్నావు.

ఏ గోడ?

తమ్ముడు

*

వెనక వీధి, కొత్త ఇంటి అరుగు మీద.
గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి, ఇక దాంతో పనిలేదు.

తమ్ముడూ,

ఏ గోడా లేదు. మన ఇంటికి ప్రహరీ గోడ ఎప్పుడుంది? గుమ్మం దిగితే వీధే. రిక్షాలో దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. "ఏం చెప్పాలో తెలుసుగా" అని నాన్న గుమ్మంలో నిలబడి అన్నాడు. నాకు తెలియదు. పిల్లలు దేని మీంచి పడతారా అని ఆలోచిస్తే గోడ తట్టింది. డాక్టరుకి మన ఇల్లు తెలియదు కదా. నీకు తెలుసు. నువ్వు నా వంక చూశావు. ఆ చూపు తప్పించుకోవడానికే ఇన్నేళ్ళూ నీకు పొడుగు పొడుగు ఉత్తరాలు రాశాను.

నీ ముక్క అందింది. అందిందని రాయలేదు. నెల పైన మిషను సొరుగులో, నీలం దారపు ఉండల కింద పెట్టాను. సొరుగు తెరవాల్సి వస్తుందని ఆ రంగు దారంతో పని ఒప్పుకోవడం మానేశాను.

మొన్న పొద్దున నాన్న చిత్రిక నూరుకుంటున్నాడు. ఏం చేస్తున్నావంటే, "బీరువా ఉబ్బింది. వెనక వైపు అంగుళం చిత్రిక పడతా. అప్పుడు చచ్చినట్టు పడుతుంది" అన్నాడు. వెనక వైపు అంటే ఆ చెయ్యి ఉన్న వైపు. గుమ్మం తప్పని ఒప్పుకోవడానికి బదులు, తను చేసిన బీరువాని తనే చెక్కేస్తాడు. మొదటి పట్టు పట్టాడు. ఆ ముద్రలోని చిటికెన వేలి కొస చుట్టలు చుట్టుకుని రాలింది.

నేను వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో."

"తప్పుకోను."

"పనిలో ఉన్నప్పుడు నాకు ఎదురు రావద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. మూడంగుళాల కిందట చెప్పావు."

ఆయన చిత్రిక దించి బద్ద అందుకున్నాడు. వచ్చేటప్పుడే సొరుగులోంచి తెచ్చుకున్న ముక్కని దాని మొదట్లో ఆనించాను. నీ వైపు పీచు పీచుగా, ఆయన వైపు నున్నగా. మధ్యలో వెంట్రుకంత సందు. కానీ కొయ్యలోని ఎర్ర చార ఇటునుంచి అటు తిన్నగా నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిన్నపిల్లకి అంకెలు నేర్పినట్టు పైకి చదివాను.

నాన్న ఆ అతుకు మీద బొటనవేలు జరిపి చూశాడు. తరవాత "అది నాది కాదు" అన్నాడు. అని, బద్దతో నా చెవి మీద కొట్టాడు. చెవిలో ఇప్పటికీ మిషను నడుస్తూనే ఉంది.

నేను బద్ద లాక్కున్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో. ఇన్నేళ్ళూ ఎవరూ లాగి చూడలేదు, అంతే. మూడుసార్లు కొట్టాను. అంగుళానికొకటని తరవాత తోచింది, కొట్టేటప్పుడు లెక్కపెట్టలేదు. మొదటిది నీకోసం అని చెప్పుకోవచ్చు, కానీ కాదు, మీ బావ పక్కటెముకల కోసం. రెండోది ఆ పొట్టి హమాలీ వేళ్ళ కోసం. మూడోది ఎవరికోసమో నాకు తెలియదు, అదే గట్టిగా తగిలింది. బద్ద నడుముకి విరిగింది. నాన్న వెనక్కి వెళ్ళి తన ద్వారబంధానికే కొట్టుకుని కూలబడ్డాడు. భుజం ఎముక. కుడివైపు.

రిక్షాలు ఇప్పుడెక్కడున్నాయి, ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరు ఈసారి చిన్నవాడు. "ఎలా జరిగింది పెద్దాయనా?" అన్నాడు. నేను నోరు తెరిచాను. చెప్పేసేదాన్ని తమ్ముడూ, నేనే కొట్టాను అని. మాట నాలిక చివర ఉంది.

నాన్న అందుకున్నాడు. "గోడ మీంచి పడ్డా."

"ఈ వయసులో గోడ ఎందుకెక్కావయ్యా?"

"కొలవడానికి."

డాక్టరు రాసుకున్నాడు. నాన్న నా వంక చూడలేదు. నన్ను కాపాడాడో, నోరు మూయించాడో, తననే దాచుకున్నాడో, ఇరవై ఏడేళ్ళ కిందట నేను చేసినది ఆ మూడింటిలో ఏదో కూడా నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇంటికి వచ్చి గొడ్డలి తీశాను. ద్వారబంధం మీద మొదటి వేటు నేనే వేశాను, మిగతావి మీసాల హమాలీ వేశాడు. కబురు పంపితే కుట్ల మచ్చ ఉన్న కనుబొమ్మతోనే, ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కూలి వద్దన్నాడు, ఇలాంటి పని కూలికి చెయ్యరన్నాడు. ద్వారబంధం పోయాక బీరువా టీ తాగినంత సేపట్లో బయటికి వచ్చేసింది.

వెనక వీధికి మోసుకొచ్చాం. కొత్తింటి గుమ్మం దగ్గర దించి, అతను గుమ్మాన్ని చూశాడు, బీరువాని చూశాడు, నన్ను చూశాడు.

"అమ్మా, ఈ ఇంటి ద్వారబంధాలు ఎవరు పెట్టారు?"

అడగడం మేం మరిచిపోయాం. ఇరవై తొమ్మిది.

కనక బీరువా వీధిలో ఉంది. వెనక చెక్క రోడ్డువైపు ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఆగి ఆ చెయ్యి చూస్తున్నారు. కిరాణా కొట్టాయన వచ్చి, "మీ చిన్నోడిదేగా" అన్నాడు. వీధిలో అందరికీ అప్పుడే తెలుసట తమ్ముడూ. నేను కాదనలేదు. అవునన్నాను.

ఇది నా చేత్తో రాసి సంతకం పెట్టిన ఉత్తరం. నువ్వు గోడ మీంచి పడలేదు. ఎవరికైనా చూపించుకో. నా మీద ఫిర్యాదు రాసినా సరే, ఈసారి జవాబివ్వక్కర్లేదు, వచ్చెయ్యి.

నాన్న ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కాళ్ళు పూర్తిగా చాపుకుని పడుకున్నాడు. "పట్టిందా?" అని ఒక్కసారి అడిగాడు.

అక్క

*

పై ఉత్తరాలకు అనుబంధంగా, అధికార వర్గం వారికి:

అయ్యలారా, అమ్మలారా,

చివరి ఉత్తరం అందిన మర్నాడు నేను సెలవు పెట్టి సదరు వీధికి వెళ్ళి, సదరు బీరువాను తనిఖీ చేశాను. దానిపైగల అరచేతి ముద్రను ప్రభుత్వ ముద్ర ఉన్న సాధనంతో కొలిచాను. మణికట్టు నుండి మధ్యవేలి కొన వరకు అయిదున్నర అంగుళాలు. చిటికెన వేలి కొస లేదు. మిగిలిన భాగంలో లోపం కనబడలేదు. మా కుటుంబానికి చెందిన వస్తువులన్నిటిలో సరైన కొలత అదొక్కటే అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

మా అక్కపై నేను ఫిర్యాదు చేయడం లేదు. మా నాన్న ఎవరిపైనా ఫిర్యాదు చేయలేదు. ఆసుపత్రిలో ఆయన నన్ను చూసి, ఎత్తలేని తన కుడిచేతిని చూసి, ఎత్తలేని నా కుడిచేతిని చూసి, "ముక్క నీ దగ్గరుందా?" అన్నారు. అక్క తిరిగి అప్పగించినందున ఉందన్నాను. ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆసుపత్రికి గోడలు ఉన్నాయి.

ఒకే ఆసుపత్రి రిజిస్టర్లలో, ఇరవై ఏడేళ్ళ ఎడంతో, ఒకే ఇంటికి చెందిన ఇద్దరు వ్యక్తులు, ఒకే వైపు భుజం విరిగి, ఒకే గోడ మీద నుండి పడినట్లు నమోదై ఉన్నది. సదరు ఇంటికి అటువంటి గోడ ఏనాడూ లేదు. కోరిక ఒక్కటే అయినప్పటికీ సంఖ్య వేయుట మర్యాద గనుక:

1. రెండు నమోదులలోనూ "గోడ" అను మాటను కొట్టివేసి, ఆ స్థానంలో "గజంబద్ద" అని రాయించవలెను. దస్త్రములను సరిదిద్దుట నియమాలకు విరుద్ధమని భావించినచో, సదరు ఇంటిని కూల్చుటకు మిగిలియున్న పది రోజుల లోపల, ఇరవై ఏడేళ్ళ నాటి తేదీతో, పదకొండేళ్ళ పిల్లవాడొకడు, డెబ్బై ఒక్కేళ్ళ వృద్ధుడొకడు పడుటకు చాలినంత ఎత్తుగల గోడను ఆ ఇంటి ముందు కట్టించవలెను.